పదమూడు వేలా, పదిహేను వేలా: రెండు పానిగాలేల మధ్య ఎంపిక

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు సాగుచేసే మా బావమరిదికి ఇటలీ సంస్థ డుకాటి తయారుచేసే పానిగాలే వి4 అన్న స్పోర్ట్స్ మోటారు సైకిలు కొనాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. వేసవి పట్టుబడి పూర్తయ్యాక ఆ కోరిక నిర్ణయంగా మారింది. అతని ఎదుట ఇప్పుడు రెండు బండ్లు ఉన్నాయి, రెండూ వాడినవే. హైదరాబాదులో ఉన్నది 2018 నాటి పానిగాలే వి4 స్పెచాలే, బెంగళూరులో ఉన్నది 2019 నాటి పానిగాలే వి4-ఆర్. "బావగారూ, ఇంజిన్ల సంగతి మీకు తెలుసు, మీరు ఏది తీసుకోమంటే అది తీసుకుంటాను" అని అతను అడిగాడు. పాలకొల్లులో ఉంటూ పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంజిన్ల పాఠాలు చెప్పే నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. అంత డబ్బు పెట్టేటప్పుడు నోటిమాటగా జవాబు చెప్పడం సరికాదనిపించి, నా ఆలోచన మొత్తాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఈ రెండు బండ్ల సంబంధం చెప్పాలి. పానిగాలే వి4ను డుకాటి 2017 చివర మిలాన్ ప్రదర్శనలో ఆవిష్కరించింది. అప్పటిదాకా దాదాపు పూర్తిగా రెండు సిలిండర్లకే కట్టుబడి పెద్ద స్పోర్ట్స్ బండ్లను అమ్ముతూ వచ్చిన ఆ సంస్థ, మోటోజీపీ అనే ప్రపంచ మోటారు సైకిలు పందేలలో తాను వాడే ఇంజినును ఆధారం చేసుకొని 1103 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజినును రోడ్డు మీదికి తెచ్చింది. మామూలు వి4, దానిపైన వి4-ఎస్, అన్నిటికంటే పైన 1500 బండ్లకే పరిమితం చేసిన స్పెచాలే, ఇలా మూడు రకాలు వచ్చాయి. స్పెచాలేలో ఇంజిను, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ అన్నీ వి4-ఎస్‌లో ఉన్నవే. దానికి ప్రత్యేకమైన రంగులు, హ్యాండిల్ దగ్గర క్రమసంఖ్య చెక్కిన లోహపు పలక, మిల్లింగ్ చేసిన విడిభాగాలు, అక్రాపోవిచ్ వారి టైటానియం ఎగ్జాస్ట్ అదనంగా వచ్చాయి. ఆ ఎగ్జాస్ట్ బిగిస్తే 214 హార్స్‌పవర్ కాస్తా 226 అవుతుంది, అయితే అది ట్రాక్ మీద వాడేందుకు ఉద్దేశించినది.

ఇంత శక్తి ఉన్నా ఆ ఇంజినుతో ప్రపంచ సూపర్‌బైక్ పోటీలలో పాల్గొనే వీలు లేదు, ఎందుకంటే నాలుగు సిలిండర్ల బండ్లకు అక్కడ 1000 సీసీల హద్దు ఉంది. అందుకే 2018లో కూడా డుకాటి జట్టు పాత రెండు సిలిండర్ల పానిగాలే-ఆర్ మీదే పోటీపడింది. ఆ పోటీలలో దిగే బండికి మూలమైన రోడ్డు బండిని నిర్దేశించిన సంఖ్యలో తయారుచేసి ప్రజలకు అమ్మాలి, దాని ధర అప్పటి నిబంధన ప్రకారం 40,000 యూరోలు దాటకూడదు. వి4-ఆర్ ఈ నిబంధనలకు జవాబుగా పుట్టిన బండి. దాని ధర యూరప్‌లో 39,900 యూరోలుగా నిర్ణయమైంది. అంటే దానిలోని ప్రతి భాగం వెనుకా ఒక నిబంధనో, దాన్ని గౌరవిస్తూనే గెలవాలన్న పట్టుదలో ఉంది. ఒక యంత్రాన్ని నేను గౌరవించడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

ఇప్పుడు ఇంజిను లోపలికి వెళదాం, అసలు విషయమంతా అక్కడే ఉంది. రెండింటిలోనూ సిలిండరు వ్యాసం 81 మిల్లీమీటర్లే. తేడా పిస్టన్ ప్రయాణించే దూరంలో, అంటే స్ట్రోకులో ఉంది. 1103 ఇంజినులో అది 53.5 మిల్లీమీటర్లు, ఆర్ ఇంజినులో 48.4 మిల్లీమీటర్లు. ఈ అయిదు మిల్లీమీటర్ల కోతతోనే ఘనపరిమాణం 998 సీసీలకు దిగింది. ఘనపరిమాణం తగ్గితే ఒక్కో విస్ఫోటనంలో వచ్చే బలం తగ్గుతుంది, కాబట్టి శక్తి నిలవాలంటే నిమిషానికి విస్ఫోటనాల సంఖ్యను పెంచడం తప్ప మార్గం లేదు. 1103 ఇంజిను తన గరిష్ఠ శక్తిని 13,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తే, ఆర్ ఇంజిను 221 హార్స్‌పవర్‌ను 15,250 దగ్గర ఇస్తుంది. ఆరో గేరులో 16,500 దాకా తిరగగలదు.

ఈ అంకెల బరువేమిటో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. పిస్టన్ సగటు వేగం మొదటి ఇంజినులో సెకనుకు 23.2 మీటర్లు, రెండోదానిలో 24.6 మీటర్లు. ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ పిస్టన్‌ను ప్రతిసారీ ఆపి వెనక్కి తిప్పడానికి కావలసిన త్వరణం స్ట్రోకుతో పాటు ఆర్‌పీఎం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఆ లెక్కన చూస్తే ఆర్ ఇంజినులో పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్డు మోయవలసిన భారం, అదే బరువున్న పిస్టన్‌కైతే, సుమారు నాలుగో వంతు ఎక్కువ. అందుకే డుకాటి అందులో కనెక్టింగ్ రాడ్లను టైటానియంతో చేసింది, గాలి లోపలికి వచ్చే వాల్వులను కూడా టైటానియంతోనే చేసింది. వాల్వులను స్ప్రింగులతో కాక క్యామ్ (ఉబ్బెత్తులున్న తిరిగే ఇరుసు) సాయంతోనే తెరిచి, క్యామ్ సాయంతోనే మూసే డెస్మోడ్రోమిక్ పద్ధతి రెండింటిలోనూ ఉంది. 16,000 దాటిన వేగంలో వాల్వు తన చోటికి సమయానికి చేరాలంటే ఆ పద్ధతి విలువ ఏమిటో మా విద్యార్థులకు బొమ్మ గీసి చూపినప్పుడల్లా నాకే కొత్తగా అనిపిస్తుంది. చక్రాలకు ఎదురు దిశలో తిరిగే క్రాంక్‌షాఫ్ట్, సిలిండర్లలో విస్ఫోటనాలు జరిగే వరస, ఇవి రెండింటికీ ఉమ్మడి.

ఈ శ్రమకు ఫలితం పోటీలలో వెంటనే కనిపించింది. 2019 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలండ్‌లో ఆల్వరో బౌతిస్తా ఆ బండి మీద మొదటి పోటీ నుంచే గెలవడం మొదలుపెట్టి, ఆ సీజన్‌లో వరసగా 11 పోటీలు గెలిచాడు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ మాత్రం కవాసాకి మీద జొనాథన్ రే సాధించాడు. బౌతిస్తా మధ్యలో హోండాకు వెళ్లి తిరిగివచ్చాక 2022, 2023లలో డుకాటి మీదే ప్రపంచ విజేత అయ్యాడు. కాబట్టి ఆర్ కొన్నవాడు ఒక చరిత్రను ఇంటికి తెచ్చుకుంటాడనడంలో అతిశయోక్తి లేదు. ఇక్కడిదాకా చదివినవారు నా మొగ్గు ఆర్ వైపేనని అనుకోవచ్చు. ఇష్టం సంగతి అడిగితే అది నిజమే.

కానీ ఆ ఇంజిను తన గొప్పతనాన్ని ఎక్కడ చూపిస్తుంది? దాని గరిష్ఠ టార్కు, అంటే తిప్పే బలం, 112 న్యూటన్ మీటర్లు, అది 11,500 దగ్గర వస్తుంది. 1103 ఇంజిను 124 న్యూటన్ మీటర్లను 10,000 దగ్గరే ఇస్తుంది. ఆర్‌ను ఆర్‌గా నిలబెట్టే బలమంతా పదకొండు, పన్నెండు వేలకు పైన ఉంది, దానికి కింద అది తన అన్నకంటే బలహీనమైన బండి. మన దేశంలో నాలుగు వరసల జాతీయ రహదారి మీద కూడా మోటారు సైకిలుకు గంటకు 80 కిలోమీటర్ల హద్దు ఉంది. ఆ వేగంలో ఆరో గేరులో ఈ ఇంజిన్లు నాలుగు వేలకు అటూఇటూ తిరుగుతాయి. మొదటి గేరులోనే నూరు దాటిపోయే బండిని చట్టానికి లోబడి నడిపేవాడికి ఆ పదకొండు వేల పై ప్రపంచం ఎన్నడూ ఎదురుకాదు.

మరి మన డెల్టా రోడ్ల సంగతి చూద్దాం. భీమవరం నుంచి గణపవరం, పిప్పర మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లి పదహారో నంబరు హైవే ఎక్కడం, లేదా వీరవాసరం, పాలకొల్లు, దిగమర్రు మీదుగా చించినాడ వంతెన దాటి కోనసీమలోకి దిగడం, మా బావమరిది బండి నడిపేది ప్రధానంగా ఈ దారులలోనే. నల్లరేగడి నేల మీద, కాలువ గట్ల వెంట వేసిన రోడ్లు ఎంత బాగా వేసినా రెండు వానాకాలాలకు ఒక పక్కకు కుంగుతాయి. పైకి చదునుగా కనిపించే తారు కింద అలలు ఉంటాయి. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఆ గింజల మీద వెనుక చక్రం పడితే 200 మిల్లీమీటర్ల వెడల్పు టైరయినా పట్టు ఇవ్వదు, పైగా ఈ రెండు బండ్లకూ వచ్చిన పిరెల్లి సూపర్‌కోర్సా టైర్లు వేడెక్కితే తప్ప తమ పనితనం చూపవు. రొయ్యలూ చేపలూ తీసుకెళ్లే లారీల నుంచి ఐసు నీళ్లు కారుతూ పోతాయి. మలుపుల దగ్గర ఆ తడి మీద బండిని వంచడం సాహసం కాదు, అవివేకం. ఊరి మొదట్లో ఒకటి, బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి చొప్పున వచ్చే స్పీడ్‌బ్రేకర్ల ఎత్తుకు ఏ కొలతా ఉండదు. మే నెల ఉక్కలో వెనుక సిలిండర్ల వేడి తొడలకు తగులుతుంటే వీరవాసరం సెంటరులో లారీ వెనుక నిలబడవలసిన పరిస్థితి రెండు బండ్లకూ సమానమే, కానీ సమానం కానివి కొన్ని ఉన్నాయి.

మొదటిది సస్పెన్షన్. స్పెచాలేలో ఉన్నది ఓలిన్స్ వారి ఎలక్ట్రానిక్ సస్పెన్షన్. రైడరు మీట నొక్కి స్ట్రీట్ మోడ్ ఎంచుకుంటే అది మెత్తబడుతుంది, రోడ్డు తీరును బట్టి డ్యాంపింగ్‌ను, అంటే కుదుపును అణచే గట్టిదనాన్ని, క్షణక్షణం మార్చుకుంటుంది. ఆర్‌లో ఎలక్ట్రానిక్స్‌తో పనిలేని, వాయుపీడనంతో పనిచేసే ఓలిన్స్ ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ గొట్టాలు) ఉన్నాయి. పోటీ జట్లకు అదే కావాలి, ఎందుకంటే వారు ఒక ట్రాకుకు ఒక సెట్టింగు పెట్టుకొని రోజంతా అదే నేల మీద తిరుగుతారు. ఉండి దాటగానే ఒక రకంగా, ఆకివీడు వచ్చేసరికి ఇంకో రకంగా మారిపోయే రోడ్డు మీద అటువంటి ఫోర్కులను ప్రతిసారీ పానాలతో సవరించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

రెండోది క్లచ్. ఆర్‌లో ఉన్నది డ్రై క్లచ్, అంటే ప్లేట్లు ఆయిలులో మునగకుండా గాలిలోనే ఉంటాయి. ఆయిలు రాపిడి ఉండదు కనుక కొద్దిపాటి శక్తి మిగులుతుంది, అరిగిన పొడి ఇంజిను ఆయిలులో కలవదు, ప్లేట్లు మార్చడం తేలిక. పోటీలో ఇవన్నీ లాభాలే. న్యూట్రల్‌లో అది చేసే గలగల శబ్దం డుకాటి అభిమానులకు సంగీతం, నేనూ వారిలో ఒకణ్నే. కానీ సగం క్లచ్ పట్టుకొని లాకుల వంతెన మీద పావుగంట పాకవలసి వచ్చినప్పుడు ఆ వేడిని లాగేసే ఆయిలు అక్కడ ఉండదు. ఉప్పు గాలి, చెరువుల తేమ ఏడాది పొడవునా ఉండే మన ప్రాంతంలో బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే ఉక్కు ప్లేట్లకు పైపైన తుప్పు పట్టి అవి ఒకదానికొకటి అంటుకునే అవకాశం కూడా ఉంది. 1103 ఇంజినుతోనే, ఆర్ నుంచి డ్రై క్లచ్‌ను, ఫ్రేమును తీసుకొని డుకాటి 2019లో తన పాత బండి 916 పాతికేళ్ల జ్ఞాపకంగా 500 బండ్లు చేసింది. అటువంటిది దొరికితే ఈ వ్యాసం వేరే రకంగా ఉండేది, కానీ అది మన అంగట్లో లేదు.

మూడోది రెక్కలు. ఆర్‌కు ముందు రెండు పక్కలా ఉన్న కార్బన్ ఫైబర్ రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల వేగంలో 30 కిలోల మేర బండిని నేలకు అదుముతాయని డుకాటి చెప్పింది. గాలి బలం వేగం వర్గంతో మారుతుంది కాబట్టి 80 దగ్గర అది మూడు కిలోలు కూడా ఉండదు. సందులో ఆటో పక్కన ఇరుకుతూ పోయేటప్పుడు ఆ రెక్క అంచు ఎక్కడ తగులుతుందోనన్న ఆందోళన మాత్రం ప్రతిరోజూ ఉంటుంది.

ధర విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. కొత్తగా వచ్చినప్పుడు మన దేశంలో ఈ రెండింటి ఎక్స్-షోరూమ్ ధర దాదాపు ఒకటే, 52 లక్షలకు కాస్త తక్కువ. అదే ఇంజిను, అదే సస్పెన్షన్ ఉన్న వి4-ఎస్ 25 లక్షల పైచిలుకు మాత్రమే. స్పెచాలేకు రెట్టింపు ధర పెట్టినవాడు ఆ అదనంలో పెద్ద భాగాన్ని రంగులకూ, చెక్కిన సంఖ్యకూ, ట్రాకు ఎగ్జాస్ట్‌కూ ఇచ్చాడు. ఆర్‌కు అంతే ధర పెట్టినవాడికి పూర్తిగా వేరే ఇంజిను, టైటానియం రాడ్లు, స్థానం మార్చి బిగించుకోగల స్వింగ్‌ఆర్మ్ పివట్ (వెనుక చక్రాన్ని మోసే చేతి కీలు) వచ్చాయి. పెట్టిన డబ్బుకు వచ్చిన లోహం ఏదని అడిగితే ఆర్ ముందు స్పెచాలే నిలవదు. స్పెచాలే అరుదైనది తయారీదారు 1500 దగ్గర ఆపాలని అనుకున్నందువల్ల. ఆర్‌లోని ప్రత్యేకత ఒక నిబంధన పెట్టిన ఒత్తిడివల్ల పుట్టింది. ఈ రెండు రకాల అరుదుతనాలకు ఒకే విలువ కట్టడం నాకు సమ్మతం కాదు.

"నంబరు బండి కదా బావగారూ, పదేళ్లు దాచితే ధర పెరుగుతుంది" అన్నది మా బావమరిది వాదన. ఆ వాదనను నేను పూర్తిగా తోసిపుచ్చాను. అట్లా దాచాలంటే బండి నడవకూడదు. నడవని బండికి కూడా బ్యాటరీ, బ్రేకు ద్రవం, టైర్లు, రబ్బరు సీళ్లు వయసుతో పోతూనే ఉంటాయి, మన గాలిలో కనెక్టర్లకు పచ్చటి తుప్పు పడుతూనే ఉంటుంది. పెట్టుబడి కావాలంటే ఇంకో అరెకరం కొనుక్కోవచ్చు. 13,000 తిరగడానికి చేసిన యంత్రాన్ని గుడ్డ కప్పి ఉంచడం దాన్ని చేసినవారి శ్రమను కాలదన్నడమే.

ఇక ట్రాక్ సంగతి. అతను నిజంగా ట్రాక్‌కు వెళ్లేవాడైతే నా జవాబు మారేది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు సర్క్యూట్ మనకు అందుబాటులో ఉన్న పెద్ద ట్రాక్. చుట్టు 3.7 కిలోమీటర్లు, భీమవరం నుంచి 500 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. ఏడాదిలో చాలాసార్లు బండిని వ్యానులో ఎక్కించుకొని అక్కడికి వెళ్లి, శిక్షకుల దగ్గర నేర్చుకొని, టైర్లనూ క్లచ్ ప్లేట్లనూ ఖర్చుగా కాక చదువుగా భావించే మనిషి చేతిలో ఆర్ ఉండాలి. అతనికైనా మొదటి రెండేళ్లు 1103 ఇంజినే ఎక్కువ వేగం ఇస్తుంది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు గేరు ఒకటి తప్పుగా ఉన్నా అది లాక్కుపోతుంది, ఆర్ అయితే ఇంజినును పై వేగంలోనే ఉంచగల నేర్పును ప్రతి మలుపులోనూ అడుగుతుంది. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయని అర్ధరాత్రి ఫోను వస్తే పరుగెత్తవలసిన వృత్తిలో ఉన్న మా బావమరిది, అన్ని రోజులు చెన్నైలో గడపడం అయ్యే పని కాదని తానే ఒప్పుకున్నాడు.

కాబట్టి స్పెచాలేనే తీసుకోమన్నాను, నడిపేటట్లయితేనే తీసుకోమన్నాను. చెక్కిన సంఖ్యకు అదనంగా ఒక్క లక్ష కూడా పెట్టవద్దని, మంచి స్థితిలో ఉన్న వి4-ఎస్ ధర ఎంతో తెలుసుకొని అక్కడి నుంచి బేరం మొదలుపెట్టమని చెప్పాను. ఆర్‌ను కాదనడం నాకు తేలిక కాలేదు, కానీ పదకొండు వేల కింద జీవితమంతా గడిపే చోటికి ఆ ఇంజినును తీసుకురావడం అన్యాయమన్నదే నా దృఢాభిప్రాయం.

చూడవలసినవి కూడా రాసి ఇచ్చాను. మొదటి యజమాని టైటానియం ఎగ్జాస్ట్ బిగించి ఉంటే, కంపెనీ నుంచి బండితో వచ్చిన అసలు ఎగ్జాస్ట్ పాడు కాకుండా చేతికి రావాలి, అది లేకుండా రోడ్డు మీద చట్టబద్ధంగా నడపలేం. హ్యాండిల్ పలక మీది సంఖ్య, చాసిస్ సంఖ్య కాగితాలతో సరిపోవాలి, ఆ చాసిస్ సంఖ్యతో రీకాల్ పనులన్నీ (లోపాలు సరిదిద్దడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి చేసేవి) జరిగాయో లేదో అధీకృత సర్వీసు కేంద్రంలో అడగాలి. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండిని ఆంధ్రలో 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే, కనుక ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో నిరభ్యంతర పత్రం, బదిలీకి 29, 30 ఫారాలు ముందే సంతకాలతో సిద్ధం చేయించాలి, ఇక్కడ కట్టవలసిన జీవిత పన్నును బేరంలో కలిపి చూసుకోవాలి. పెట్రోలు 95 ఆక్టేన్‌దే పోయాలి, ఎంత ఇథనాలు దాకా పనికొస్తుందో యజమాని పుస్తకంలో చదవాలి.

అతను హైదరాబాదు యజమానికి ఫోను చేసి ఇవన్నీ అడిగాడు. అసలు ఎగ్జాస్ట్ పెట్టెలో భద్రంగా ఉందని, సర్వీసు పుస్తకం పూర్తిగా ఉందని జవాబు వచ్చింది. వచ్చే వారం ఇద్దరం వెళుతున్నాం. మేము వచ్చేదాకా ఇంజిను స్టార్టు చేయవద్దని ఆ యజమానికి ముందే చెప్పి ఉంచాం, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు మొదటి నిమిషంలో వినిపించే శబ్దాన్నిబట్టే వాల్వుల స్థితి, క్యామ్ గొలుసు స్థితి నేను అంచనా వేయగలను.